నలుగురిలో నోరు పెగలకపోతే

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి నెల్లూరు కాలేజీల్లో చేరిన పిల్లల్లో, సందేహమున్నా క్లాసులో చెయ్యెత్తనివాళ్లు కొందరుంటారు. ఇంట్లో దాన్ని సిగ్గని కొట్టిపారేస్తారు. గుండె దడ, అరచేతుల్లో చెమట, రాత్రంతా ‘ఏమనుకున్నారో’ అనే తలపోత ఉంటే అది భయమే. తప్పించుకోగానే ప్రాణం కుదుటపడుతుంది కదా, ‘తప్పుకోబట్టే గండం గడిచింది’ అని మనసు నేర్చుకుంటుంది. అందుకే మరుసటిసారి భయం ఇంకా ముదురుతుంది.

భయపెట్టే సందర్భాలు పది కాగితం మీద రాసి, ఎంత భయమేస్తుందో ఒక్కోదానికి 100కి మార్కులు వేయండి. బస్టాండులో కావలి బస్సు ఎక్కడాగుతుందని అడగడం 25 కావచ్చు. క్యాంటీన్‌లో పరిచయం లేనివాళ్ల పక్కన కూర్చుని తినడం 45, ల్యాబ్ వైవా 70, సెమినార్ 90. 25–30 దగ్గర మొదలుపెట్టండి. మొదటే సెమినార్‌కి సిద్ధపడి, మధ్యలో దిగొచ్చేస్తే మళ్లీ ఆ జోలికి పోబుద్ధి కాదు.

కాగితం మీది ఒక్కో సందర్భం ఒక్కో మెట్టు. ఒకే మెట్టు వారంలో నాలుగైదుసార్లు చేయండి. మార్కులు సగానికి తగ్గాక పైమెట్టు. వెళ్లేముందు ‘అందరూ నవ్వుతారు’ లాంటి మీ అంచనా రాసుకోండి. వచ్చాక నిజంగా ఎందరు నవ్వారో దాని కిందే రాయండి. ఇది మానేస్తే సాధన సగం వృథా.

ఎక్కువమంది పొరబడేది దాపరికాల దగ్గర. ఫోన్‌లో తల దూర్చడం, గొంతు తగ్గించడం, వణుకు కనబడకుండా చేతులు జేబులో పెట్టుకోవడం, మాటలు బట్టీపట్టి అప్పజెప్పడం. వీటితో మెట్టెక్కితే, ఫోన్ ఉండబట్టే బయటపడ్డాననిపిస్తుంది, భయం అలాగే ఉంటుంది. బట్టీపట్టిన వాక్యం వెతుక్కుంటుంటే ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు కూడా. ఒక్కోసారి ఒక్కో దాపరికం వదలండి. ధ్యాస మీ వణుకు మీద కాదు, వాళ్ల మాట మీద ఉండాలి. తర్వాతి ప్రశ్న అందులోనే దొరుకుతుంది. ‘మాది అల్లూరు’ అంటే ‘రోజూ వచ్చిపోతావా?’ అనడం చాలు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు సందేహాలు తెలుగులోనే అడగండి. ఇంగ్లీషు భయాన్నీ మనుషుల భయాన్నీ ఒకేరోజు నెత్తినేసుకోవద్దు.

స్నేహితులారా, ‘ఏందబ్బా, నోరు తెరవవే?’ అని నలుగురిలో అడగకండి. ఆ మాటతో అందరి చూపూ తన మీదే పడుతుంది.

ఆరు నెలలకు పైగా ఇలాగే ఉండి క్లాసులు, పరీక్షలు మానేసేదాకా వస్తే సొంత సాధన సరిపోదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోనే భయమైతే మొదటి రెండు వాక్యాలు రాసుకుని చూసి చదవండి. అక్కడ మాత్రం అది తప్పు కాదు.