కీ అండ్ పీల్: పిల్లలతో కూర్చుని ఎలా చూడాలి

మీ ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే 'ఏ-ఏ-రాన్' అని అరుచుకుని పగలబడి నవ్వడం మీరు వినే ఉంటారు. 'కీ అండ్ పీల్' అనే అమెరికన్ టీవీ షోలోని మాట అది. కీగన్-మైఖేల్ కీ, జోర్డన్ పీల్ అనే ఇద్దరు నటులు చేసిన స్కిట్ల షో. కామెడీ సెంట్రల్ ఛానల్లో 2012 జనవరిలో మొదలై 2015 సెప్టెంబర్‌లో ముగిసింది. జాతి, రంగు, సినిమాలు, ఫుట్‌బాల్, రాజకీయం, దేన్నీ వదల్లేదు. టీవీలో ఆగిపోయి ఇన్నేళ్లయినా యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా నడుస్తూనే ఉంది. మన పిల్లలకు తెలిసింది ఆ ముక్కలే.

నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. ఇక్కడి స్కూళ్లకు సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా, అంటే అసలు టీచర్ రాని రోజు వాళ్ల బదులుగా, వెళ్తుంటాను. తెలుగువాళ్ల ఇళ్లల్లో ఈ షో మాట వస్తే కొందరు 'అన్నీ బూతులే, కట్టెయ్' అంటారు. ఇంకొందరు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతారు, కానీ నల్లజాతివాళ్లంటే ఇంతేలే అన్నట్టు నవ్వుతారు. నాకు రెండోదే ఎక్కువ బాధగా ఉంటుంది. ఆ ఇద్దరూ ఏ చూపు మీద స్కిట్లు రాశారో, అదే చూపుతో మనం వాళ్లని చూస్తున్నాం. అందుకే ఎలా చూస్తే బాగుంటుందో రాస్తున్నాను.

పద్ధతి చాలా సులువు. ప్రతి స్కిట్‌నూ రెండుసార్లు చూడండి. మొదటిసారి హాయిగా నవ్వుకోండి, మధ్యలో ఆపి పాఠం చెప్పకండి. రెండోసారి ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకోండి: ఇందులో ఎవరు భయపడుతున్నారు, ఎవరికి భయపడుతున్నారు? చాలా స్కిట్లు రెండు మూడు నిమిషాలే కాబట్టి రెండుసార్లు చూడడం కష్టమేమీ కాదు. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు కూడా కొన్ని యాసలు, కొన్ని పేర్లు చెవికి అందవు.

చూడబోయే ముందు ఆ ఇద్దరి గురించి ఒక సంగతి పిల్లలకు చెప్పండి. ఇద్దరికీ తండ్రి నల్లజాతివాడు, తల్లి తెల్లజాతి స్త్రీ. కీ డెట్రాయిట్‌లో దత్తత ఇంట్లో పెరిగాడు, పీల్ న్యూయార్క్‌లో తల్లి దగ్గర పెరిగాడు. ఎవరి మధ్య ఉంటే వాళ్లకు తగ్గట్టు గొంతు మార్చుకోవడం ఇద్దరికీ చిన్నప్పటి నుంచి అలవాటు. ఇది తెలిస్తే సగం స్కిట్లకు తాళం దొరికినట్టే.

మొదట చూడాల్సింది మొట్టమొదటి ఎపిసోడ్‌లోని ఫోన్ స్కిట్. నిమిషం కూడా ఉండదు. కీ వీధిలో నిలబడి భార్యతో ఫోన్‌లో మాట్లాడుతుంటాడు. ఆవిడ పుట్టినరోజుకి నాటకం టికెట్లు కొంటున్నాడు, ఏ సీట్లు దొరుకుతాయో మెత్తగా, మర్యాదగా చెబుతుంటాడు. పీల్ కూడా ఫోన్ చెవికి పెట్టుకుని అటే నడిచి వస్తాడు. అతను దగ్గరికి రాగానే కీ గొంతు బరువెక్కుతుంది, యాస మారిపోతుంది, రౌడీలా మాట్లాడడం మొదలుపెడతాడు. పీల్ కూడా అలాగే మాట్లాడతాడు. ఒకరినొకరు చూసుకుని తల ఊపుకుంటారు. పీల్ రోడ్డు దాటి కొంచెం దూరం వెళ్లాక అసలు గొంతు బయటపడుతుంది, కీ కంటే కూడా సుతిమెత్తని గొంతు. ఇప్పుడే నన్ను దోచుకోబోయారు తెలుసా అని ఫోన్‌లో ఎవరికో చెప్పుకుంటాడు.

రెండోసారి చూసేటప్పుడు వాళ్ల భుజాలు చూడండి, మెడ చూడండి. ఇద్దరూ సౌమ్యులే, ఇద్దరూ అవతలివాడికి భయపడ్డారు. నల్లజాతి మగవాడంటే ప్రమాదం అనే మాట ఈ దేశంలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, నల్లవాళ్లే ఒకరినొకరు చూసి ఉలిక్కిపడుతున్నారు. ఇక్కడ మన పిల్లలకు మన సంగతి కూడా చెప్పొచ్చు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో ఒక తెలుగు ఇంజనీర్‌ను బార్‌లో కాల్చి చంపారు. మా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు ఆ మనిషి. తర్వాత కొన్నాళ్లు మన ఇళ్లల్లో పెద్దవాళ్లు 'బయట గట్టిగా తెలుగులో మాట్లాడకండి' అనేవాళ్లు. షాపులో ఎవరో పక్కన నిలబడితే గొంతు తగ్గించేవాళ్లం. వీధిలో గొంతు మార్చుకోవడం అంటే ఏమిటో మనకూ కొంత తెలుసు.

తర్వాత లూథర్ స్కిట్లు చూడండి. పీల్ ఒబామాగా కుర్చీలో కూర్చుని నిదానంగా మాట్లాడతాడు. వెనక కీ, లూథర్ అనే పాత్రలో, ఒబామా మనసులో ఉన్న కోపాన్నంతా చేతులు విసురుతూ అరిచి చెబుతాడు. దీనికి ముందు కొంచెం చరిత్ర కావాలి. 2009 సెప్టెంబర్‌లో ఒబామా కాంగ్రెస్ ఉభయ సభల ముందు మాట్లాడుతుంటే జో విల్సన్ అనే సభ్యుడు 'అబద్ధం చెబుతున్నావ్' అని అరిచాడు. అది నిజం కాదు అని మాత్రం అని ఒబామా తన ప్రసంగం కొనసాగించాడు. దేశాధ్యక్షుడికైనా సరే, నల్లజాతి మనిషికి కోపం వస్తే జనం చూసేది కోపంగా ఉన్న నాయకుణ్ని కాదు, కోపంగా ఉన్న నల్లవాణ్ని. అందుకే కోపాన్ని మోయడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. 2015లో వైట్‌హౌస్ విలేకరుల విందులో నిజం ఒబామా పక్కనే నిలబడి కీ లూథర్‌గా నటించాడు. ఆ వీడియో కూడా చూడండి. చివర్లో వాతావరణ మార్పు గురించి మాట్లాడుతూ ఒబామాయే గొంతు పెంచుతాడు, లూథర్ కంగారుపడి ఆపబోతాడు.

ఇప్పుడు పిల్లలకు ప్రాణమైన సబ్‌స్టిట్యూట్ టీచర్ స్కిట్. 2012లో, రెండో సీజన్‌లో వచ్చింది. గార్వీ అనే టీచర్ 20 ఏళ్లు నగరం నడిబొడ్డున నల్లజాతి పిల్లల స్కూళ్లలో పనిచేసి, ఆ రోజు తెల్లపిల్లల క్లాసుకి వస్తాడు. హాజరు పిలుస్తాడు. జాక్విలిన్‌ను 'జే-క్వెల్లిన్' అంటాడు, బ్లేక్‌ను 'బాలాకే' అంటాడు, డెనీస్‌ను 'డీ-నైస్' అంటాడు, ఆరన్‌ను 'ఏ-ఏ-రాన్' అంటాడు. పిల్లలు సరిచేస్తే నాతో వేళాకోళమా అని మండిపడతాడు. ఆ పిల్లలకు నోట మాట రాదు.

పిల్లలు ఇక్కడ నవ్వేది టీచర్ పేర్లు పలికే తీరుకి. నవ్వనివ్వండి. రెండోసారి మాత్రం ఆ పిల్లల ముఖాల మీద కళ్లు పెట్టమనండి. తన పేరు తానే సరిగ్గా చెప్పినందుకు తిట్లు తిన్నప్పుడు ముఖం ఎలా అవుతుందో చూడమనండి. తెల్లజాతి టీచర్ల నోట్లో తమ పేర్లు నలిగిపోవడం నల్లజాతి పిల్లలకు తరాలుగా అలవాటు. ఆ అనుభవాన్ని ఎత్తి ఆరన్, బ్లేక్‌ల నెత్తిన పెట్టారు రచయితలు. ఆఖర్న తిమోతి అనే పిల్లాడు పేరు ఎలా పిలిస్తే అలాగే, అదే యాసలో 'ప్రీ-సెంట్' అంటాడు. ఆ పాత్ర పీల్‌ది. క్లాసులో నల్లజాతి పిల్లాడు అతనొక్కడే. టీచర్ ముఖం ఒక్కసారిగా శాంతిస్తుంది.

నేను క్లాసులో హాజరు పట్టీ పట్టుకున్నప్పుడు చూస్తుంటాను. 'హర్షవర్ధన్' అనో 'లక్ష్మీప్రసన్న' అనో మన పిల్లల పేరు రాబోతోందని తెలిసి, నేను నోరు తెరవక ముందే 'హర్ష్', 'లక్కీ' అని వాళ్లే తగ్గించి చెప్పేస్తారు. నేను తెలుగుదాన్నని చూసి కూడా చెప్పేస్తారు, అంత అలవాటైపోయింది. స్కిట్ అయ్యాక మీ పిల్లల్ని అడగండి: క్లాసులో నీ పేరు ఎలా పిలుస్తారు, నువ్వు సరిచేస్తావా, ఊరుకుంటావా? మీకు ఇంతవరకు చెప్పని సంగతులు చెబుతారు.

ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్ల స్కిట్ చూసేటప్పుడు కొంచెం జాగ్రత్త. కీ, పీల్ రకరకాల విగ్గులు పెట్టుకుని వచ్చి నోరు తిరగని పేర్లు చెప్పుకుంటారు. చాలా నవ్వొస్తుంది. కానీ నల్లజాతివాళ్లు పిల్లలకు పెట్టుకునే కొత్త పేర్లను వెక్కిరించడానికి దాన్ని వాడుకునేవాళ్లు కూడా ఉన్నారు. 2015లో వచ్చిన భాగంలో నిజం ఆటగాళ్లే తమ నిజం పేర్లతో కనిపిస్తారు. అది కలిపి చూపిస్తే ఆ పేర్ల వెనక మనుషులున్నారని పిల్లలకు తెలుస్తుంది.

ఎవరు ఎందుకు నవ్వుతున్నారు అనేది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి డేవ్ షాపెల్ సంగతి కూడా చెప్పాలి. ఇదే ఛానల్లో 2003లో అతని షో మొదలైంది, బ్రహ్మాండంగా నడిచింది. 50 మిలియన్ డాలర్ల ఒప్పందం చేతిలో ఉండగా 2005లో మూడో సీజన్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. ముఖానికి నల్లరంగు పూసుకుని చేసిన ఒక స్కిట్ షూటింగ్‌లో అక్కడున్న ఒక తెల్లజాతి మనిషి నవ్విన నవ్వు తనకు ఇబ్బంది కలిగించిందని 2006లో ఓప్రా విన్‌ఫ్రే షోలో చెప్పాడు. 19వ శతాబ్దంలో తెల్లజాతి నటులు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ప్రదర్శనలు ఊరూరా వేసేవాళ్లు. ఆ నవ్వులో అతనికి అది వినిపించి ఉంటుంది. కాబట్టి మన సంఘాల ఉగాది, దీపావళి వేదికల మీద పిల్లల చేత ఈ స్కిట్లు వేయించాలనిపిస్తే దయచేసి ముఖానికి రంగు పూయకండి, ఆ యాస పెట్టించకండి. స్కిట్లలో వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు కొన్ని మన నోట అసలే రాకూడదు. ఒంటి రంగు మీద జోకులు మన సినిమాల్లో, స్కిట్లలో చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మనం ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి.

హైస్కూల్ పిల్లలతో అయితే ఇక్కడి నుంచి జోంబీల స్కిట్‌కి వెళ్లండి. ఊరంతా జోంబీలు, అంటే చచ్చి లేచి మనుషుల మీద పడే శవాలు, అయినా తెల్లజాతి జోంబీలు కీ, పీల్‌లను చూసి పక్కకు తప్పుకుంటాయి. కార్లో ఉన్న జోంబీ తలుపు లాక్ వేసుకుంటుంది. ఇక్కడ 'ఎవరికి భయం' అని మీరు అడగకముందే పిల్లలే చెప్పేస్తారు. ఇదే పీల్ తర్వాత 2017లో 'గెట్ అవుట్' అనే హారర్ సినిమా తీసి ఆస్కార్ తెచ్చుకున్నాడు, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే విభాగంలో ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి రచయిత అతనే. జోంబీ స్కిట్ చూసినవాళ్లకు అతను హారర్‌కి వెళ్లడం ఆశ్చర్యం అనిపించదు.

నీగ్రోటౌన్ స్కిట్‌ను ఆఖరికి ఉంచండి. 2015లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్, ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ అనే నల్లజాతివాళ్లు పోలీసుల చేతిలో చనిపోయారు. స్కిట్‌లో కీ రాత్రిపూట ఊరికే నడిచి వెళ్తుంటే పోలీసు పట్టుకుంటాడు. కారులోకి తోసేటప్పుడు తలకు దెబ్బ తగులుతుంది. కళ్లు తెరిచేసరికి రంగురంగుల ఊరు, పాటలు, డాన్సులు. అక్కడ ఎవరూ ఆపరు, ఎవరూ అనుమానించరు, టాక్సీ పిలిస్తే ఆగుతుంది. అంతలో మెలకువ వస్తుంది, చేతులకు బేడీలు అలాగే ఉంటాయి. నేను నీగ్రోటౌన్‌కి వెళ్తున్నాననుకున్నా అంటాడు. అక్కడికే వెళ్తున్నావు అంటాడు పోలీసు. అతని ఉద్దేశం జైలు.

ఇది పెట్టే ముందు ఆటోప్లే ఆపేయండి, లేకపోతే ఆ మాట పూర్తయ్యేలోపే ఇంకో వీడియో మొదలైపోతుంది. ఆ రోజుకి ఇంకేమీ చూడకండి. పిల్లలు ఏమీ మాట్లాడకపోయినా గుచ్చి గుచ్చి అడగొద్దు, వాళ్లే ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒకటి అడుగుతారు. డ్రైవింగ్ నేర్చుకునే వయసు పిల్లలుంటే, పోలీసు ఆపినప్పుడు చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టాలని చెప్పడానికి కూడా అదే మంచి సమయం.