బండి ముందు భాగం గడగడా ఊగిపోతుంటే తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

విజయవాడ హైవే మీద 70లో పోతున్నాను, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత జిప్సీ. ఒక బ్రిడ్జి దగ్గర రోడ్డు అతుకు దాటిందో లేదో, స్టీరింగ్ చేతుల్లోంచి ఊడి వస్తుందేమో అన్నంతగా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. బానెట్ ఊగుతోంది, డ్యాష్‌బోర్డు మీది ఫోను ఎగిరి కాళ్ల దగ్గర పడింది, పక్కన కూర్చున్న బావమరిది "బావా, టైరు ఊడిందా?" అని ఒకటే కేక. టైరు ఊడలేదు. స్పీడు 30కి పడిపోయాక దానంతట అదే ఆగిపోయింది, ఏమీ జరగనట్టు.

మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే చూసీ చూడగానే "స్టీరింగ్ డ్యాంపర్ పోయింది సార్" అన్నారు (స్టీరింగ్ కుదుపుల్ని మింగే చిన్న షాకబ్జార్బర్ లాంటిది), మార్చారు, డబ్బులు తీసుకున్నారు. మూడు వారాలు హాయిగా నడిచింది. నాలుగో వారం మళ్లీ అదే కథ, ఈసారి 55కే. అప్పుడు తెలిసింది నాకు, డ్యాంపర్ మార్చడం అంటే ఇల్లు కారుతుంటే కింద గిన్నె పెట్టడం లాంటిదని. కారేది కారుతూనే ఉంటుంది, గిన్నె నిండేదాకా మనకు కనపడదంతే.

దీన్నే ఆఫ్‌రోడ్ వాళ్లు డెత్ వాబుల్ అంటారు. పేరు వింటేనే టెన్షన్ వస్తుంది గానీ, వరస పెట్టి చూసుకుంటూ పోతే దొరికే రోగమే. ముందు రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే మొద్దు ఇరుసు ఉన్న బండ్లకు ఇది వస్తుంది: జిప్సీ, జిమ్నీ, జీప్ ర్యాంగ్లర్, పాత మహీంద్రా జీపులు. అలాంటి బండిలో ఒక చక్రానికి తగిలిన దెబ్బ ఇరుసు ద్వారా, టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపి తిప్పే కడ్డీ) ద్వారా రెండో చక్రానికీ పోతుంది. ఎక్కడో ఒక జాయింట్‌లో కాస్త లూజు ఉంటే చక్రాలు ఆ లూజు మేరకు ఎడమకు తిరిగి, వెనక్కి వస్తూ నిటారుగా ఆగకుండా కుడికి దాటిపోయి, మళ్లీ ఎడమకు, ఇలా ఊయలను సరిగ్గా సమయం చూసి తోసినట్టు ప్రతి ఊపూ ముందు ఊపు కన్నా పెద్దదవుతుంది. కొత్త థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి కాబట్టి ఈ రకం వాబుల్ రాదు. దాంట్లో వణుకు వస్తే టైర్లు, బ్యాలెన్సింగ్, బాల్ జాయింట్లు చూడండి.

నడుస్తుండగా మొదలైతే ఏం చేయాలంటే, బ్రేకు మీద ఎగిరి దూకొద్దు, యాక్సిలరేటర్ కూడా తొక్కొద్దు. కాలు తీసేయండి, స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి కానీ దాంతో కుస్తీ పట్టొద్దు, స్పీడు పడనిచ్చి మెల్లగా పక్కకు తీయండి. బొటనవేళ్లు స్టీరింగ్ చువ్వల మధ్యలో పెట్టి పట్టుకునే అలవాటుంటే ఇవాళే మానుకోండి, ఒక్క కుదుపుకి వేలు బెణుకుతుంది.

మొదట, అది నిజంగా వాబులేనా?

చాలామంది ఏ వణుకు వచ్చినా వాబుల్ అనేస్తారు, అక్కడే సగం డబ్బులు వృథా. 80 దాటాక మెల్లగా మొదలై స్పీడుతో పాటు పెరిగి, ఇంకా పోతే తగ్గిపోయే సన్నటి వణుకు వీల్ బ్యాలెన్సింగ్‌ది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తే బ్రేకు డిస్కు సంగతి. స్టీరింగ్ నిశ్చలంగా ఉండి సీటు కింద వణుకు తెలుస్తుంటే వెనక చక్రాలో, ప్రొపెల్లర్ షాఫ్టో (గేర్‌బాక్సు వైపు నుంచి ఇరుసుకి శక్తి పంపే గొట్టం). యాక్సిలరేటర్ తొక్కితే వచ్చి వదిలితే పోతే షాఫ్ట్ క్రాస్‌లు, అంటే దాని కొసల్లోని జాయింట్లు చూడాలి, ముఖ్యంగా బండిని ఈ మధ్యే ఎత్తు పెంచి ఉంటే. అసలు వాబుల్ వీటిలో దేనిలాగా ఉండదు: గుంతో, రోడ్డు అతుకో తగలగానే ఒక్కసారిగా మొదలవుతుంది, స్పీడు బాగా పడిపోయేదాకా తగ్గదు. ఏ స్పీడులో, దేని మీద ఎక్కితే, ఎంతసేపు అనేది ఒక కాగితం మీద రాసుకోండి. మెకానిక్‌కి "ఊగుతోంది" అని చెప్పడం కన్నా ఆ కాగితం పది రెట్లు పనికొస్తుంది.

పానా పట్టుకోకముందే చేయాల్సినవి

నవ్వకండి, మొదట బండి కడగండి. వర్షాకాలంలో నల్లరేగడి చేలల్లో తిరిగొస్తే రిమ్ లోపలి వైపు మట్టి గడ్డకట్టి, ఎండి, సిమెంటులా పట్టుకుని ఉంటుంది. అర కిలో మట్టి ఒక పక్కన అంటుకున్న చక్రం 70లో తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్ల పైపు పెట్టి లోపలి వైపు నుంచి పూర్తిగా పోయేదాకా కొట్టండి, చాలా "సస్పెన్షన్ కంప్లయింట్లు" అక్కడే తీరిపోతాయి.

తర్వాత గాలి. ఆఫ్‌రోడ్‌కి తగ్గించిన గాలిని మళ్లీ నింపకుండా హైవే ఎక్కేవాళ్లు నాకు చాలామంది తెలుసు (నేనూ ఒకసారి). నాలుగింటిలోనూ కంపెనీ చెప్పిన ప్రెషర్ పెట్టి చూడండి. టైరు మీద అరచేతితో నిమిరితే ఉబ్బు ఉందా, గుడ్డు గుడ్డుగా అరిగిందా తెలుస్తుంది. వీల్ నట్లు బిగించండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు మార్చి అదే రోడ్డు మీద నడపండి. వాబుల్ పోయినా, బాగా తగ్గినా టైరో రిమ్మో దోషి. ఏమీ మారకపోతే టైర్లను వదిలేసి కిందికి దూరండి. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15 టైరు, దాని స్థానంలో బరువైన మడ్ టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తే ఉన్న చిన్న లూజే పెద్దగా బయటపడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఒక మనిషి పైన, ఒక మనిషి కింద

అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పే పరీక్ష ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు. బండి నేల మీదే ఉండాలి, జాకీ ఎక్కించొద్దు, ఎందుకంటే బరువు చక్రాల మీద ఉన్నప్పుడే లూజు కనిపిస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్ చేయండి. పైనున్న మనిషి స్టీరింగ్‌ని చిన్నగా, టకటకా, ఎడమకీ కుడికీ ఆడిస్తూ ఉండాలి, పూర్తిగా తిప్పక్కర్లేదు. మీరు కింద పడుకుని టార్చి వేసి స్టీరింగ్ బాక్సు దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింట్ మీదా కనీసం నిమిషం కళ్లు పెట్టండి.

ఏం చూడాలి? రాడ్ కదిలినప్పుడు దానికి తగిలించిన భాగం కూడా అదే క్షణంలో కదలాలి. ఒకటి కదిలాక ఇంకొకటి ఆలస్యంగా కదిలితే మధ్యలో ప్లే, అంటే ఆడే ఖాళీ ఉన్నట్టే. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) ఎండ్లు పక్కకు కాకుండా పైకీ కిందికీ ఎగురుతున్నాయా చూడండి. స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కి బిగించిన చోట బోల్టులు జరుగుతున్నాయా, ఛాసిస్ రేకు మీద వెంట్రుకంత పగులు ఉందా చూడండి. తుప్పు పట్టిన పాత బండ్లలో ఇది అరుదేమీ కాదు. కళ్లకు తెలియనిది వేలికి తెలుస్తుంది, జాయింట్ మీద వేలు ఆనిస్తే టక్ టక్‌మని కొట్టుకోవడం స్పష్టంగా తగులుతుంది. నలిగే చోట వేలు పెట్టొద్దు అంతే.

జిమ్నీ, ర్యాంగ్లర్ లాంటి కాయిల్ స్ప్రింగ్ బండ్లలో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది ప్యానార్డ్ రాడ్‌ని. లేటరల్ రాడ్ అని కూడా అంటారు, ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస ఇరుసుకి ఉంటుంది, ఇరుసు పక్కకు జరగకుండా ఆపేది అదే. దాని బోల్టు రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోతే బోల్టు ఎంత బిగించినా లోపల ఆడుతూనే ఉంటుంది. అప్పుడు కొత్త బోల్టు వేయడం కాదు, బ్రాకెట్ సంగతి చూడాలి. జిప్సీకి ముందు కమాన్ పట్టీలే ఆ పని చేస్తాయి కాబట్టి అక్కడ చూడాల్సింది షాకిల్ (కమాన్ కొసని ఛాసిస్‌కి తగిలించే ఊగే ముక్క) బుష్‌లు, కమాన్ కన్ను బుష్, యూ బోల్టులు, సెంటర్ బోల్టు. నా బండిలో రెండు షాకిల్ బుష్‌లు పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి, రబ్బరు ఉండాల్సిన చోట గాలి ఉంది. కానీ అసలు దొంగ అది కూడా కాదు.

జాకీ ఎక్కించి చూడండి

ఇప్పుడు జాకీతో ఇరుసు ఎత్తి, కింద స్టాండ్ పెట్టి (జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు, దయచేసి) చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్ పిన్ (చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఇరుసు కొసన ఉండే పిన్) కావచ్చు. రెండిట్లో ఏదో తేల్చడానికి ఒక కిటుకు ఉంది: ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ప్లే మాయమైతే వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్ బేరింగ్, ర్యాంగ్లర్ అయితే బాల్ జాయింట్. ఆ తర్వాత 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి, అక్కడ మాత్రమే ప్లే వస్తే టై రాడ్ వైపు చూడాలి.

జిప్సీ, జిమ్నీ వాళ్లు కింగ్ పిన్ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఈ బండ్లలో ఒక్కో పక్కా కింగ్ పిన్‌కి పైనా కిందా బేరింగ్లు ఉంటాయి, వాటికి కొంత ఒత్తిడి ఉండేలా షిమ్‌లతో, అంటే పల్చటి రేకు ముక్కలతో సర్ది ఉంటుంది. ఊపి చూస్తే ప్లే ఏమీ తెలియకపోయినా ఆ ఒత్తిడి తగ్గిపోయి ఉంటే వాబుల్ వస్తుంది, అందుకే మెకానిక్‌లు చాలాసార్లు దీన్ని దాటేస్తారు. టై రాడ్, డ్రాగ్ లింక్ విప్పేసి చక్రం మోసే నకిల్‌ని చేత్తో తిప్పండి. కాస్త బరువుగా, ఒకే రకంగా తిరగాలి. నూనె రాసిన తలుపులా తేలిగ్గా ఊగిపోతే లూజు, గరగరమని తగిలితే బేరింగ్ పోయినట్టు. స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన లెక్కతో పోల్చుకుంటే ఇంకా మంచిది. షిమ్ తీస్తే ఒత్తిడి పెరుగుతుంది, కానీ పాడైన బేరింగ్‌ని షిమ్ తీసి బిగించి లాభం లేదు. నకిల్ చుట్టూ ఆయిల్ కారిన మరకలుంటే లోపలి సీలు పోయి ఇరుసు ఆయిల్ వచ్చి గ్రీజుని కడిగేస్తోందన్నమాట. నా బండి సంగతి సరిగ్గా అదే: ఎడమ పక్క కింది బేరింగ్ విప్పితే గ్రీజుకి బదులు తుప్పు రంగు పులుసు వచ్చింది.

స్టీరింగ్ బాక్సు లోపలే ప్లే ఉంటే పైన సర్దే స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టుకు మించి తిప్పే ధైర్యం మీరు చేయకండి. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మలుపు తర్వాత వెనక్కి రావడం మానేస్తుంది, అది వాబుల్ కన్నా ప్రమాదం.

అలైన్‌మెంట్, డ్యాంపర్ చివర్లో

లూజులన్నీ తీసేశాకే అలైన్‌మెంట్‌కి వెళ్లాలి, లూజున్న బండికి చేయించిన అలైన్‌మెంట్ షెడ్డు గేటు దాటేలోపే పోతుంది. అక్కడ టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం)తో పాటు క్యాస్టర్ ఎంతుందో కూడా కొలిచి చెప్పమని అడగండి. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది చూశారా, అలాంటి వాలే క్యాస్టర్. జిమ్నీ లాంటి బండికి పొడుగు స్ప్రింగులు వేసి రెండంగుళాలు ఎత్తితే ఇరుసు కాస్త తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది, బండి రోడ్డు మీద తేలుతున్నట్టు అటూ ఇటూ పోతుంది. దీనికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు దొరుకుతాయి, జిప్సీకైతే కమాన్‌కీ ఇరుసుకీ మధ్య వాలు ముక్కలు పెడతారు.

ఇక డ్యాంపర్. పనికిరాని వస్తువని నేననను. 2019లో అమెరికాలో కొత్త ర్యాంగ్లర్లలో ఈ ఫిర్యాదులు ఎక్కువైతే కంపెనీయే మారుడు డ్యాంపర్లు వేసింది. మీ డ్యాంపర్ విప్పి చేత్తో లాగి నొక్కి చూడండి, రెండు వైపులా ఒకేలా బరువుగా కదలాలి. మధ్యలో ఖాళీగా జారిపోతే, ఆయిల్ కారితే మార్చండి. మిగతావన్నీ చూశాక మాత్రమే. నన్నడిగితే, మిగతావి సరిచేశాక డ్యాంపర్ విప్పేసి ఖాళీ రోడ్డు మీద 40 లోపు స్పీడులో ఒకసారి నడిపి చూడాలి, అప్పుడు కూడా స్టీరింగ్ ఊగుతుంటే ఇంకా ఎక్కడో లూజు మిగిలి ఉన్నట్టే.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. రబ్బరు బుష్ ఉన్న బోల్టులు, అంటే ప్యానార్డ్ రాడ్, కమాన్, షాకిల్ బోల్టులు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించొద్దు. ముందు చేత్తో పట్టించి, బండిని నేల మీదకు దించి, బరువు పడ్డాక టార్క్ పానాతో బిగించండి, లేకపోతే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది. ఆపైన 200 కిలోమీటర్లు తిరిగాక, లేదా మొదటి ఆఫ్‌రోడ్ ట్రిప్ అయిన వెంటనే, మళ్లీ ఒకసారి అన్నిటికీ పానా పెట్టి చూడండి. నా జిప్సీకి అలా చూసినప్పుడు ఒక యూ బోల్టు నట్టు అర చుట్టు బిగిసింది.