కొత్తగా వచ్చిన కుటుంబాలకు మన సంఘం ఎలా తోడు నిలవాలి (న్యూజెర్సీ తెలుగు క్రైస్తవ సంఘాల కోసం)

ఇక్కడ చాలా తెలుగు సంఘాలకి సొంత బిల్డింగ్ ఉండదు, ఏదో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని మధ్యాహ్నం ఆరాధన పెట్టుకుంటాం. అదే హాల్లో పొద్దున ఇంగ్లీషు ఆరాధన, సాయంత్రం స్పానిష్ సంఘం, వారంలో ఒకరోజు ఫుడ్ ప్యాంట్రీ (ఉచితంగా సరుకులిచ్చే చోటు) నడుస్తుంటాయి. ఆ ప్యాంట్రీ లైన్లో నిలబడే ఈక్వడార్, గ్వాటెమాలా, హైతీ కుటుంబాలకి మనమూ ఏదైనా చేద్దామని పెద్దల మీటింగులో ఒకరు అంటారు, అందరూ సరే అంటారు, తర్వాతి ఆదివారానికి పాత బట్టలూ, ఎవరికీ సరిపోని కోట్లూ గుట్టగా వచ్చి పడతాయి. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. బట్టలిచ్చేవాళ్లు ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. దొరకనిది మంగళవారం పొద్దున పదింటికి కారు తెచ్చి, ఆఫీసు కౌంటర్ దగ్గర పక్కన గంటసేపు కూర్చునే మనిషి.

ముందు హాలు ఇచ్చిన చర్చివాళ్లని అడగండి, వాళ్లు ఈపాటికే ఏం చేస్తున్నారో. వేరే దుకాణం తెరవడం కన్నా వాళ్లతో కలిసిపోవడం మేలు, స్పానిష్ మాట్లాడేవాళ్లు కూడా వాళ్ల దగ్గరే ఉంటారు. తర్వాత మీరు ఏమేం చేయరో కాగితం మీద రాసుకోండి. ఇమిగ్రేషన్ సలహా ఇవ్వం, చేతికి డబ్బివ్వం, ఫొటోలు తీయం, ఆరాధనకి వస్తేనే సాయం అనం. ఈ చివరిది కొందరికి మింగుడు పడదు, తెలుసు. కానీ సరుకుల సంచీ చేతిలో పెడుతూ ఆదివారం రమ్మంటే వాళ్లు వద్దనగలరా?

జట్టు చిన్నదైతేనే మంచిది. ఒక కుటుంబానికి ముగ్గురు, అందులో కనీసం ఒకరు పని రోజుల్లో ఖాళీగా ఉండేవాళ్లు. పిల్లలతో మెలిగే వాళ్లందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాల్సిందే, పాస్టర్ గారి తమ్ముడైనా సరే. కారు తీసేవాళ్ల ఇన్సూరెన్స్ చూడండి. న్యూజెర్సీలో 8 ఏళ్లలోపు, 57 అంగుళాల ఎత్తు లేని పిల్లల్ని కార్ సీట్లోనో బూస్టర్లోనో వెనక కూర్చోబెట్టాలి, కాబట్టి పాత కోట్ల బదులు రెండు మంచి సీట్లు సంఘం తరఫున కొని ఉంచండి.

మొదటి పని ఎక్కువగా స్కూలే అవుతుంది. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇమిగ్రేషన్ స్టేటస్ లేదని పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చేరకుండా ఆపకూడదు. అందుకని వీసా కాగితం, సోషల్ సెక్యూరిటీ నంబర్ మీ అంతట మీరు తీసి చూపించకండి. స్కూలువాళ్లు అడిగేది పుట్టిన తేదీ రుజువు, టీకాల కార్డు, అడ్రస్ రుజువు. చిక్కంతా అడ్రస్ దగ్గర. రెండు కుటుంబాలు ఒకే అపార్ట్‌మెంట్లో సర్దుకుంటుంటే లీజులో వీళ్ల పేరుండదు. ఇల్లు గడవక అలా సర్దుకున్న పిల్లలు చాలాసార్లు మెకిన్నీ వెంటో చట్టం (ఇల్లు లేని పిల్లల చదువు కోసం ఉన్న ఫెడరల్ చట్టం) కిందికి వస్తారు, కాగితాలు పూర్తిగా లేకున్నా వెంటనే చేర్చుకోవాలి. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ దీనికి ఒక లయజాన్ (ఇలాంటి పిల్లల సంగతి చూసే ఉద్యోగి) ఉంటారు, కౌంటర్లో వాదించకుండా నేరుగా వాళ్లకి ఫోన్ చేయండి.

ఫారం నింపేటప్పుడు తేదీలు చూసుకోండి. వాళ్ల టీకాల కార్డు మీద 04/07 అంటే ఏప్రిల్ కాదు, జులై 4, మన దగ్గర రాసినట్టే. పేర్లు కూడా అంతే, ఈక్వడార్, గ్వాటెమాలా వాళ్లకి మామూలుగా రెండు ఇంటిపేర్లుంటాయి, ఒక ఫారంలో రెండూ రాసి ఇంకో ఫారంలో ఒకటే రాస్తే ఏడాది తర్వాత ఎక్కడో తగులుకుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని దిగి, బ్యాంకుల చుట్టూ తిరిగిన మనవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు.

ఆస్పత్రికి వెళ్తే పదేళ్ల పిల్లతో వాళ్లమ్మ జబ్బు సంగతులు అనువాదం చేయించకండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, ఫోన్లో అయినా సరే, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మన తల్లిదండ్రుల కోసం తెలుగు కూడా అడగవచ్చు. ఇంకోటి, ఇంటి ఆదాయం పరిమితిలో ఉంటే 19 ఏళ్లలోపు పిల్లలకి స్టేటస్‌తో పని లేకుండా న్యూజెర్సీ ఫ్యామిలీకేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) 2023 జనవరి నుంచి వర్తిస్తోంది.

ఇక ఇమిగ్రేషన్. మనలో ప్రతివాడూ సగం లాయరే, పదేళ్లుగా హెచ్‌1బీ ఫారాలు చూసి చూసి. ఆ తెలివి ఇంట్లోనే పెట్టి రండి. ఏ ఫారం వేయాలో చెప్పడం కూడా చట్టప్రకారం న్యాయసలహానే. అది లైసెన్సున్న లాయరు గానీ, న్యాయశాఖ గుర్తించిన సంస్థలో పనిచేసే అక్రెడిటెడ్ ప్రతినిధి గానీ చేయాలి, ఆ సంస్థల జాబితా న్యాయశాఖ వెబ్‌సైట్లో ఉంది. నోటరీ బోర్డు పెట్టి వేల డాలర్లు గుంజే షాపుల నుంచి వాళ్లని తప్పించినా అదే పెద్ద సాయం.

మీరు చేయగలిగింది తేదీలు కాపలా కాయడం. శరణు కోరేవాళ్లు సాధారణంగా దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి, కాబట్టి లాయరు అపాయింట్‌మెంట్ వాయిదా వేయనివ్వకండి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకి ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం, కోర్టులో కేసుంటే 5 పనిదినాల్లో కోర్టుకి విడిగా ఇంకో ఫారం. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు, నోటీసు పాత ఇంటికి పోతుంది, హియరింగ్‌కి రాలేదని పంపించేసే ఆర్డర్ పడుతుంది. వాళ్ల కాగితం మీద ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, దాంతో ఇమిగ్రేషన్ కోర్టు ఆటోమేటెడ్ లైన్లో తర్వాతి తేదీ తెలుస్తుంది. వాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్లోంచే వాళ్ల చేతే చూపించుకోండి. ఆ నంబర్ మీ దగ్గర రాసుకోవద్దు. సంఘం వాట్సాప్ గ్రూపులో గానీ, ఎవరి గూగుల్ షీట్లో గానీ స్టేటస్ వివరాలు అస్సలు ఉండకూడదు.

చర్చిల్లాంటి చోట్ల ఇమిగ్రేషన్ అరెస్టులు మానుకోవాలన్న ప్రభుత్వ పాత మార్గదర్శకాలని 2025 జనవరిలో తీసేశారు. టెన్షన్ పడి పుకార్లు ఫార్వర్డ్ చేసేకన్నా ఒక లాయర్ని పిలిచి శిక్షణ పెట్టించండి. జడ్జి సంతకం చేసిన వారంట్ ఎలా ఉంటుంది, ఇమిగ్రేషన్ ఏజెన్సీ అధికారే సంతకం చేసుకున్నది ఎలా ఉంటుంది, హాల్లో ఏది అందరికీ తెరిచిన చోటు, ఏది కాదు, తలుపు దగ్గర ఎవరు మాట్లాడాలి అన్నవి ముందే తేలాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా: అద్దె కట్టాలంటే చెక్కు ఇంటి ఓనరు పేరున రాయండి. ఫలానా కుటుంబానికే అని పేరు పెట్టి ఇచ్చే కానుకకి పన్ను మినహాయింపు రాదు, అందుకని సాధారణ సహాయ నిధిలోనే వేయించండి.

మన తెలుగు కుటుంబాల్ని వేరే జాబితా అనుకోవద్దు. ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వాళ్లకి మామూలుగా మహా అయితే 60 రోజుల గడువు, భార్యకి చాలాసార్లు పని చేసే అనుమతి ఉండదు, కారు ఒక్కటే, అయినా ఆదివారం నవ్వుతూ పులిహోర పట్టుకొస్తారు. వీళ్లు ప్యాంట్రీ లైన్లోకి రారు, ఎవరైనా చూస్తారని. సరుకులు చీకటి పడ్డాక ఇంటి గుమ్మంలో పెట్టి రండి. చర్చి ఇచ్చిన బియ్యం తీసుకుంటే వీసాకి దెబ్బని భయపడేవాళ్లకి, అది ప్రభుత్వ పథకం కాదని చెప్పండి.

మీ సాయానికి గడువు ఎంతో కుటుంబానికి మొదటి రోజే చెప్పేయండి, ఆరు నెలలని. ఈ రాష్ట్రంలో 2021 మే నుంచి స్టేటస్ లేనివాళ్లూ స్టాండర్డ్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోవచ్చు, కాబట్టి మూడో నెల నుంచే ఇంట్లో ఒకరికి డ్రైవింగ్ నేర్పించడం మొదలుపెట్టండి. గడువయ్యాక కూడా పెళ్లికో పుట్టినరోజుకో పిలిస్తే వెళ్లండి, కార్ సీట్లు మాత్రం తర్వాతి కుటుంబం కోసం వెనక్కి తెచ్చుకోండి.