చుంచెలుకల్లో రొమ్ము క్యాన్సర్ వ్యాప్తి – 4వ పాఠం: తోక సిర ప్రయోగం ఎక్కడ మొదలవుతుంది?

ఊపిరితిత్తుల్లో గడ్డలు లెక్కపెట్టడం ఈసారి నేర్పుతానని మాటిచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకుంటాను. మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు రాసిన జవాబులు చదివాక, గడ్డలు లెక్కపెట్టే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి మిగిలిపోయిందని అర్థమైంది. తప్పు కొంత నాదే. క్యాన్సర్ కణాలను తోక సిరలోకి ఎక్కించడం, కణితి కట్టేలా పాలగ్రంథి కొవ్వుపొరలో వేయడం అని రెండు దారులు పక్కపక్కనే చెప్పేసి, రెండూ ఒకే చోటికి పోతాయన్నట్టు వదిలేశాను.

లెక్క మళ్లీ చూద్దాం. బాల్బ్/సి అనే జాతి చుంచెలుకల తోక సిరలోకి 4టీ1 అనే ఎలుక రొమ్ము క్యాన్సర్ కణాలు లక్ష చొప్పున ఎక్కించారు. మర్నాటి నుంచి సగం ఎలుకలకు మందు, మిగతా సగానికి మందు లేని ఉత్త ద్రావకం. రెండు వారాలయ్యాక చూస్తే, మందు తీసుకున్నవాటి ఊపిరితిత్తుల్లో గడ్డలు సగమే ఉన్నాయి. ఏం చెప్పవచ్చు?

"మందు క్యాన్సర్ వ్యాప్తిని ఆపింది" అని చాలామంది రాశారు. ఒకరు ఇంకో అడుగు ముందుకేసి "కణితి నుంచి కణాలు బయటపడకుండా అడ్డుకుంది" అన్నారు. ఏ కణితి నుంచి? ఆ ఎలుకలో కణితే లేదు. కణాలను సిరంజితో నేరుగా రక్తంలో పెట్టింది మనమే.

రొమ్ములో పుట్టిన కణం ఊపిరితిత్తిలో గడ్డ కట్టాలంటే చాలా మెట్లు దాటాలి. కణితి నుంచి విడివడాలి, చుట్టూ ఉన్న కణజాలాన్ని తొలుచుకుంటూ పోవాలి, రక్తనాళంలోకి దూరాలి, రక్తప్రవాహపు ఒత్తిడినీ రోగనిరోధక కణాలనూ తట్టుకోవాలి, ఎక్కడో చిక్కుకోవాలి, నాళం గోడ దాటి బయటికి రావాలి, ఆ కొత్త చోట బతకాలి, ఆ తర్వాత పెరగాలి. తోక సిర పద్ధతిలో మొదటి మూడూ మన సూదే చేసిపెడుతుంది. అందుకే వాటి గురించి ఈ ప్రయోగం ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అంతటితో అయిపోలేదు. మందు మర్నాడు మొదలైందన్న మాట మీలో ఎక్కువమంది చూసీ చూడనట్టు దాటేశారు. క్యాన్సర్ వ్యాప్తిని పరిశోధించిన ఐసయా ఫిడ్లర్ 1970లో రేడియోధార్మిక అయొడిన్ గుర్తు తగిలించిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల రక్తంలోకి ఎక్కించి, అవి ఏమవుతాయో వెంబడించాడు. ఒక్క రోజు తిరిగేసరికి అత్యధికం చచ్చిపోయాయి. గడ్డలుగా ఎదిగినవి చాలా కొద్ది. అంటే మన లెక్కలో మందు వచ్చేసరికి అసలు ఊచకోత ముగిసింది. కాబట్టి రాయదగిన జవాబు ఇంతే: ఊపిరితిత్తుల్లో అప్పటికే మిగిలిన కణాలు నిలదొక్కుకోవడాన్నో, పెరగడాన్నో ఈ మందు తగ్గించి ఉండవచ్చు. చప్పగా ఉందని తెలుసు. అదే మందును కణాలు ఎక్కించడానికి ఒక రోజు ముందు ఇచ్చి ఉంటే జవాబు మారేది. అందుకే ప్రయోగం చదివేటప్పుడు నేను మొదట మందు పేరు చూడను, మందు మొదలైన రోజు చూస్తాను.

"ఈ కణాలకు ఊపిరితిత్తులంటే మక్కువ" అన్న జవాబు కూడా ఒకటి వచ్చింది. తోక సిర రక్తం గుండె కుడి వైపుకు చేరి, అక్కడి నుంచి తిన్నగా ఊపిరితిత్తుల సన్నని కేశనాళికల్లోకి పోతుంది. తొలి జల్లెడ అదే. జల్లెడలో చిక్కింది కాబట్టి జల్లెడంటే ఇష్టం అనలేం కదా. స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1889లో, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, వ్యాప్తి గుడ్డిగా జరగదని, విత్తనానికి (కణానికి) తగిన నేల (అవయవం) కావాలని వాదించాడు. రక్తం పోయే దారే నిర్ణయిస్తుందని తర్వాత అమెరికా వైద్యుడు జేమ్స్ ఈవింగ్ అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నేల గురించి అడగాలంటే మాత్రం దారి ప్రభావాన్ని పక్కకు తీయాలి. గుండె ఎడమ జఠరికలోకి ఎక్కిస్తే కణాలు ఊపిరితిత్తులను దాటేసి ఒళ్లంతా తిరుగుతాయి, ఎముకలు, మెదడు చేరతాయి. ఎముక వ్యాప్తిని చదివేవారు ఆ దారి పట్టడానికి కారణం ఇదే.

ఇప్పుడు కొందరు అటు చివరికి దూకుతారని తెలుసు: "అయితే తోక సిర దండగ, ఎప్పుడూ కొవ్వుపొరలోనే వేద్దాం." వద్దు. ప్రశ్న ఊపిరితిత్తిలో బతకడం గురించైతే తోక సిరే మేలు, ఎందుకంటే అన్ని ఎలుకల్లోనూ గడియారం ఒకే క్షణాన మొదలవుతుంది. కాకపోతే కణాలను విడివిడిగా ఎక్కించండి. ఒకసారి నేను తొందరపడి కణాలను జల్లెడ పట్టకుండా సిరంజిలోకి లాగాను. వెలుగుకు పట్టి చూస్తే అడుగున ఇసుక రేణువుల్లా ముద్దలు కనబడ్డాయి, అయినా కానిచ్చేశాను. రెండు ఎలుకలు బోనులోకి దించిన నిమిషాల్లోనే ఎగశ్వాసతో పోయాయి. ముద్దలు ఊపిరితిత్తుల నాళాలను మూసేశాయి. ఆ రెండు ప్రాణాలు నా తొందరకు పోయాయి. అప్పటి నుంచి ప్రతి రెండు ఎలుకలకూ ఒకసారి సిరంజిని తలకిందులు చేసి కలుపుతాను.

కణాల పెంపకం, మత్తు, కత్తెర పట్టడం ఇక్కడ చెప్పను. అనుమతి లేకుండా, చేయి తిరిగినవారు పక్కన లేకుండా మీరు ఎలుక మీద చేయి వేయరని నమ్మే ఇదంతా రాస్తున్నాను.

ఏ మెట్టు ఎక్కడ తెగుతుందో కళ్లకు కట్టేది 4టీ1 కుటుంబం. ఒకే ఎలుక కణితి నుంచి తీసి విడివిడిగా పెంచిన తోబుట్టువు కణాలివి. కొవ్వుపొరలో వేస్తే అన్నీ కణితి కడతాయి. కానీ 67ఎన్‌ఆర్ అక్కడే ఉండిపోతుంది. 168ఫార్న్ లింఫు గ్రంథుల దాకా పోయి ఆగుతుంది. 4టీ07 ఊపిరితిత్తులు చేరుతుంది గానీ అక్కడ పైకి కనిపించే గడ్డ కట్టదు. 4టీ1 దారంతా నడుస్తుంది. నాకు వీటిలో 4టీ07 అంటే ఇష్టం. గడ్డలు మాత్రమే లెక్కపెట్టేవారికి దాని వ్యాప్తి సున్నా. ఊపిరితిత్తిని కరిగించి కణాలను పెంచి చూసేవారికి సున్నా కాదు. 4టీ1 కణాలు 6-థయోగ్వానిన్ విషాన్ని తట్టుకుంటాయి. కాబట్టి ఆ విషం కలిపిన పళ్లెంలో ఎలుక సొంత కణాలు చచ్చి, క్యాన్సర్ కణాలే గుంపులు కడతాయి. మిథిలీన్ బ్లూ పోస్తే నీలం చుక్కలు తేలతాయి. కంటికి కనిపించే గడ్డలే చాలనుకుంటే, నా ఓటు చైనా సిరాకే. శ్వాసనాళం గుండా సిరా నింపి, రంగు విరిచే ద్రావకంలో ఉంచితే ఊపిరితిత్తి బొగ్గులా నల్లగా, గడ్డలు ముత్యాల్లా తెల్లగా మిగులుతాయి. ఎలుకను చంపకుండా చూడాలంటే, క్యాన్సర్ కణాల్లో పెట్టే మిణుగురు లూసిఫెరేజ్ అనే ప్రొటీన్ ఇచ్చే వెలుగు ఉంది. కానీ కొవ్వుపొరలోని పెద్ద కణితి వెలుగులో ఊపిరితిత్తుల మిణుకు మునిగిపోతుంది, కణితికి నల్ల కాగితం అడ్డు పెట్టాలి. పైగా ఆరోగ్యంగా ఉన్న ఎలుక రోగనిరోధక వ్యవస్థకు ఆ ప్రొటీన్ పరాయిదే. నేను తప్పనప్పుడే వాడతాను.

ఇక నాకు ఒళ్లు మండే తప్పు దగ్గరికి వద్దాం.

కొవ్వుపొరలో 4టీ1 వేశారు. మందు ఇచ్చారు. కణితి చిన్నదైంది, ఊపిరితిత్తుల్లో గడ్డలూ తగ్గాయి. "మందు కణితినీ తగ్గించింది, వ్యాప్తినీ అడ్డుకుంది" అని రెండు విజయాలు రాసుకుంటారు. అవి రెండా, ఒకటేనా? మందు లేని ఎలుకలో కణితి 1000 మిల్లీగ్రాములు, గడ్డలు 20 అనుకోండి. మందు తీసుకున్నదానిలో 400 మిల్లీగ్రాములు, 8 గడ్డలు. మొదటిదానిలో 50 మిల్లీగ్రాములకు ఒక గడ్డ. రెండోదానిలోనూ 50కి ఒకటే. పిండి తగ్గింది, రొట్టెలు తగ్గాయి. రొట్టెలు చేసే చేయి మీద మందు ప్రభావమేమీ ఇందులో కనబడదు.

"సరే, గడ్డలను బరువుతో భాగిస్తే సరి" అంటారేమో. అదీ చాలదు. కణాలు కణితిని వదలడం ఒక్క రోజులో జరిగేది కాదు. ముందే వెళ్లినవాటికి పెరగడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి, చివర్లో వెళ్లినవి మీ కంటికి కనిపించేంత కాకముందే ప్రయోగం ముగుస్తుంది. చివరి రోజు బరువు ఆ కథంతా చెప్పదు. అందుకని కణితిని కోసి తీసేయండి. అయితే ఎప్పుడు? అన్నిటికీ ఒకే రోజు తీస్తే పరిమాణాలు వేరు. ఒకే పరిమాణానికి వచ్చినప్పుడు తీస్తే, మందు తీసుకున్న ఎలుక కణితిని ఎక్కువ రోజులు మోసి ఉంటుంది, కణాలు వదలడానికి ఎక్కువ సమయం దొరికి ఉంటుంది. రెండిట్లోనూ నష్టం ఉంది, ఏ నష్టం భరిస్తున్నారో రాయండి. నేను ఎక్కువగా పట్టేది మూడో దారి: కణితి తీసేదాకా ఎవరికీ మందు ఇవ్వను, తీశాక చీటీలు వేసి ఎలుకలను రెండు జట్లు చేసి అప్పుడు మొదలుపెడతాను. అప్పుడు కణితి పరిమాణం గొడవే రాదు. శస్త్రచికిత్స తర్వాత మందు తీసుకునే మనిషికి ఇదే దగ్గర. దీని వెల ఒకటుంది: కణాలు కణితిని వదలడం గురించి ఇక మీరు నోరెత్తకూడదు. కోసిన చోట కణితి మళ్లీ మొలిచిన ఎలుకను ఉంచాలా తీసేయాలా అన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక నిర్ణయిస్తే మనసు మనకు అనుకూలంగానే తీర్పు చెబుతుంది.

ఇంకోటి, 4టీ1 ఎలుకల్లో ప్లీహం బాగా ఉబ్బుతుంది. తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరగడం వల్ల వచ్చే వాపు అది. ప్లీహానికి వ్యాప్తి అని రాయకండి.

అభ్యాసం. కింద ఉన్నవి నేను కల్పించిన అంకెలు, ముందు కణితి బరువు మిల్లీగ్రాముల్లో, తర్వాత గడ్డలు. మందు లేనివి: 900–24, 1100–31, 700–15, 1300–40, 1000–22. మందు తీసుకున్నవి: 400–9, 550–6, 300–7, 700–16, 450–3. కణాలు కొవ్వుపొరలో, మందు వారం తర్వాత మొదలు, కణితి తీయలేదు. గళ్ల కాగితం మీద పది చుక్కలూ చేత్తో పెట్టండి, కంప్యూటర్ వద్దు. రెండు జట్లూ ఒకే గీత మీద పడుతున్నాయా? 700 దగ్గర ఉన్న రెండు ఎలుకలు ఏమంటున్నాయి? 550–6, 450–3 ఏమంటున్నాయి? వాటి మాట తేల్చడానికి కొత్త ప్రయోగం ఒకటి రాయండి: కణాలు ఎక్కడ, మందు ఏ రోజు, కణితి ఎప్పుడు తీస్తారు, ఏ ఎలుకను లెక్కలోంచి తీసేస్తారు, ఏ మెట్టు గురించి మాట్లాడే హక్కు వదులుకుంటున్నారు. పేజీ దాటితే చదవను.