చప్పుడు చేసే డెస్క్‌టాప్‌కు పెల్టియర్ పలకల అమరిక

కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడి రెండవది వేడెక్కే పెల్టియర్ పలకలో కదిలే భాగం ఏదీ లేదు కనుక దానితో కంప్యూటర్ నిశ్శబ్దంగా మారుతుందని చాలామంది ఆశిస్తారు. అయితే ఆ పలక వేడిని మాయం చేయదు. ఒక ముఖం నుంచి లాగిన వేడికి తాను వాడుకున్న విద్యుత్తును కూడా వేడిగా కలిపి రెండవ ముఖం గుండా బయటకు పంపుతుంది. ఆ మొత్తాన్ని వదిలించడానికి ఫ్యాను తప్పదు. కాబట్టి ముందుగా పాత ఫ్యాను దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ (వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మెకు) మధ్య ఎండిన థర్మల్ పేస్టు మార్చి చూడాలి. పెద్ద హీట్‌సింక్‌తోనే పని జరిగిపోతే పెల్టియర్ అవసరమే లేదన్నది నా అభిప్రాయం.

అయినా ప్రయోగం చేయదలచినవారు 35 వాట్ల వేడి వెలువరించే ప్రాసెసర్‌కే పరిమితం కావడం మంచిది. బజారులో సులభంగా దొరికే టీఈసీ1-12706 పలక 40 మి.మీ. చదరం. దానిని నేరుగా 12 వోల్టులకు కలిపితే అదొక్కటే సుమారు 60 వాట్లు తింటుంది; హీట్‌సింక్ దాదాపు 95 వాట్లు మోయవలసి వస్తుంది, ఫ్యాను మళ్ళీ హోరెత్తుతుంది. రెండు పలకలను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, కలిపితే ఒక్కొక్కదానికి 6 వోల్టులే అందుతాయి, రెండూ కలిసి సుమారు 30 వాట్లతోనే ఆ పని చేస్తాయి. అప్పుడు 120 మి.మీ. ఫ్యాను నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది.

చల్లని ముఖం ఏదో తెలుసుకోవడానికి పెన్సిల్ సెల్లును తీగలకు క్షణకాలం తాకించి వేలితో చూడాలి. హీట్‌సింక్ బిగించకుండా 12 వోల్టులు ఇస్తే లోపలి టంకం కరిగే ప్రమాదం ఉంది. ప్రాసెసర్ మీద పేస్టు రాసి 40×80 మి.మీ. రాగి పలకను, దానిపై ఒకే మందం ఉన్న రెండు పెల్టియర్ పలకలను చల్లని ముఖం కిందికి ఉండేలా, ఆపైన హీట్‌సింక్‌ను అమర్చి, మరలను ఎదురెదురు మూలల నుంచి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే పెల్టియర్ పలకల పింగాణీ ముఖాలు పగులుతాయి.

అసలు ప్రమాదం చెమ్మ. 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న విశాఖపట్నం గదిలో 26 డిగ్రీలకు దిగిన ఏ లోహం మీదైనా నీరు పడుతుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు రాగి పలక అంతకంటే కిందికి జారిపోతుంది. అందుకని రాగి పలక అంచున సెన్సార్ పెట్టి, డబ్ల్యూ1209 వంటి థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి కరెంటును వేసి ఆపే స్విచ్చును) పెల్టియర్ పలకలు 45 డిగ్రీల దగ్గర మొదలై 38 దగ్గర ఆగేలా అమర్చుకోవాలి. ఈ అంతరం మరీ తక్కువైతే పలకలు మాటిమాటికీ వేడెక్కి చల్లబడి త్వరగా పాడవుతాయి.

పెల్టియర్ పలకలకు కరెంటును మదర్‌బోర్డు ఫ్యాను పిన్నుల నుంచి తీయకూడదు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె పసుపు, నలుపు తీగల నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. కరెంటు అందని పెల్టియర్ వేడికి అడ్డుగోడ అవుతుంది గనుక, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే మూల అమరికల్లో) అధిక ఉష్ణోగ్రత దగ్గర యంత్రం ఆగిపోయే రక్షణ పనిచేస్తున్నదో లేదో చూసుకున్నాకే కేసు మూయాలి.