ఫైలు పేరుకు ముందు తేదీ పెట్టి చూడండి

నా కంప్యూటర్లో ఒకప్పుడు ‘రిపోర్ట్ ఫైనల్’, ‘రిపోర్ట్ ఫైనల్ 2’, ‘రిపోర్ట్ అసలు ఫైనల్’ అని మూడు ఫైళ్లు పక్కపక్కనే ఉండేవి. ఏది చివరిదో తెలియాలంటే మూడూ తెరవాల్సిందే. ఇప్పుడా టెన్షన్ లేదు. ఏ ఫైలు దాచినా పేరు మొదట్లో తేదీ పెడతాను, అదీ ఏడాది, నెల, రోజు వరసలో: 2025-03-07-రిపోర్ట్.

మనకు అలవాటైన రోజు-నెల-ఏడాది పద్ధతి ఇక్కడ పనికిరాదు. పేర్లను వరసలో పెట్టేటప్పుడు కంప్యూటర్ ఎడమ నుంచి కుడికి పోల్చుకుంటూ వెళ్తుంది. అందుకే 02-12-2023 వెళ్లి 05-01-2022 కంటే ముందు కూర్చుంటుంది. ఏడాది ముందుంటే పాతవి పైన, కొత్తవి కింద వాటంతటవే సర్దుకుంటాయి. తేదీలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601, చెప్పేదీ ఈ వరసే. నెల, రోజు రెండంకెల్లోనే రాయాలి. 3 అని రాస్తే చాలా ప్రోగ్రాముల్లో 10 దానికంటే ముందొచ్చేస్తుంది, కాబట్టి 03. మధ్యలో స్లాష్ వద్దు, అడ్డగీత చాలు. ఫైలు పేరులో స్లాష్‌ను విండోస్ గానీ లినక్స్ గానీ ఒప్పుకోవు.

ఫైలు పక్కన తేదీ ఎలాగూ కనిపిస్తుంది కదా అంటారేమో. విండోస్‌లో కాపీ చేస్తే సృష్టించిన తేదీ మారిపోతుంది, తెరిచి సేవ్ చేస్తే మార్పు తేదీ మారిపోతుంది. పేరులో రాసుకున్నది మాత్రం మనం మారిస్తే తప్ప మారదు.

అన్నట్టు, పాత ఫైళ్లన్నిటికీ పేర్లు మార్చే పని పెట్టుకోకండి. నేను ఒక ఆదివారం అలాగే మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా విసుగొచ్చి వదిలేశాను. కొత్తవాటితో మొదలుపెట్టండి.