కంటికి లేజరు చేయించుకోబోయే షుగరు రోగులకు జాగ్రత్తలు

షుగరు వల్ల రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండి చూపునిచ్చే పొర) దెబ్బతిన్నదని, లేజరు పెట్టించుకోవాలని డాక్టరు చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "చూపు బాగవుతుందా?" ఈ చికిత్స ముఖ్యంగా ఉన్న చూపును కాపాడటానికే గాని పోయిన చూపును తిరిగి తేవడానికి కాదన్న సంగతి ముందే మనసుకు పట్టకపోతే, తర్వాత చెప్పే జాగ్రత్తలేవీ నిలవవు. రక్తం సరిగా అందని రెటీనా భాగాల ప్రేరణతో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. అవి బలహీనమైనవి కాబట్టి చిట్లి కంటి లోపల రక్తం చిమ్ముతాయి, లేదా పీచుకట్టి రెటీనాను లాగేస్తాయి. అంచుల్లోని ఆ భాగాలను కాంతితో కాల్చి నడిమి చూపును దక్కించుకోవడమే లేజరు ఉద్దేశం. దీనివల్ల తీవ్రమైన చూపు నష్టం సగానికో అంతకంటే ఎక్కువగానో తగ్గుతుందని 1970లలో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది.

పూతలపట్టు దగ్గర ఉండే మా పెద్దమ్మ మొదటి సిట్టింగు తర్వాత చూపు మసకబారేసరికి "ఉన్నది కూడా పాయెనే" అని రెండోదానికి వెళ్ళలేదు. కొన్ని నెలలకు ఒకనాటి పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తుంటే, పిండి గీతల మీద నల్లటి సాలెగూడు వేలాడినట్టు కనబడిందట. చేత్తో తుడిచినా పోలేదు, ఎందుకంటే అది ముగ్గు మీద లేదు, కంటి లోపల చిట్లిన రక్తం. ఆ తర్వాత ఆపరేషనే చేయించవలసి వచ్చింది. లేజరు పెట్టిన కొద్దిరోజులు మసక ఉండటం మామూలేనని ఆమెకు ముందే తెలిసి ఉంటే రెండో సిట్టింగు మానేది కాదని నా నమ్మకం.

పూర్తి చికిత్సలో ఒక్కో కంటికి పాత పద్ధతి ప్రకారం సుమారు 1200 నుంచి 1600 దాకా కాంతి చుక్కలు పెడతారు గనుక, తరచుగా దాన్ని రెండు మూడు సిట్టింగులుగా విడదీస్తారు. అన్నింటికీ తేదీలు ముందే రాయించుకొని, మదనపల్లె, పలమనేరు వైపునుంచి తిరుపతికి వచ్చేవారు తిరుగు ప్రయాణం కూడా చూసుకోవాలి. కంటిపాప పెద్దది కావడానికి వేసే చుక్కల మందు వల్ల నాలుగైదు గంటలు, కొందరికి అంతకంటే ఎక్కువసేపు, చూపు మసకగా ఉండి వెలుతురు పొడుస్తుంది. ఆ రోజు బండి నడపకూడదు, తోడు లేకుండా బస్సెక్కకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో తిరుపతి రోడ్ల మీద నల్ల కళ్ళద్దాలు, గొడుగు లేకుండా బయటికి రావడం నరకమే.

పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో ఒక్కపొద్దు ఉండే అలవాటు మన చిత్తూరు వైపు ఎక్కువ. సిట్టింగు ఆ రోజున పడితే తేదీ మార్చమని అడగండి, లేదా ఉపవాసం మానండి. సాధారణంగా చుక్కల మత్తుతోనే చేస్తారు గనుక, డాక్టరు వద్దని చెప్పకపోతే తినే రావాలి, షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వేళకు తీసుకోవాలి. ఏమీ తినకుండా ఇన్సులిన్ వేసుకొని క్యూలో కళ్ళు తిరిగి పడేవాళ్ళున్నారు. రక్తం పలచబరిచే మాత్రలను అడగకుండా ఆపవద్దు. బి.పి., కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి. రెటీనా నడిమి భాగంలో వాపుంటే లేజరుకు ముందు కంటిలో ఇంజెక్షను వేయవలసి రావచ్చు కాబట్టి ఆ సంగతీ అడిగి తెలుసుకోవాలి.

గదిలో గడ్డం, నుదురు యంత్రానికి ఆనించి కూర్చోబెట్టి, మొద్దుబారిన కంటి మీద ఒక అద్దం పెడతారు. ఆ తర్వాత ఆకుపచ్చటి మెరుపులు వరుసగా కొడతాయి. కొందరికి లోపల సూది గుచ్చినట్టు ఉంటుంది. నొప్పి వేస్తే తల వెనక్కి లాగకుండా, నోటితో చెప్పి ఆపించుకోవాలి, ఎందుకంటే గురి తప్పిన కాంతి నడిమి చూపును తాకితే పోగొట్టుకునేది అక్షరాలు చదివే చూపునే.

ఇంటికి వచ్చాక శుక్లాల ఆపరేషను పథ్యాలన్నీ దీనికీ అంటగట్టడం మన వాళ్ళ అలవాటు. ఇక్కడ కోత లేదు కాబట్టి పప్పు మానడం, తలస్నానం మానడం సాధారణంగా అక్కరలేదు. తలనొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరునే అడగాలి, ముఖ్యంగా కిడ్నీ దెబ్బతిన్నవారు దుకాణంలో దొరికే నొప్పి మాత్రలు మింగకూడదు. కంటిలో అప్పటికే రక్తం ఉన్నవారు మాత్రం బరువులెత్తకుండా, తల కాస్త ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కే మొక్కు ఉంటే డాక్టరు సరేనన్నాకే వెళ్ళాలి. అంచుల చూపు, చీకటి చూపు కొంత తగ్గుతాయి గనుక రాత్రిపూట నడక వద్దు, పగలైనా మెట్టు అంచు చూసుకొని దిగాలి.

ఉన్నట్టుండి మసి రాలినట్టు నల్ల చుక్కలు కనబడినా, ఒక పక్క తెర దిగినట్టున్నా, కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పితో వాంతులైనా రాసిచ్చిన తేదీ కోసం ఆగకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి పోవాలి.